ఎస్సిటాలోప్రామ్ 10 మి.గ్రా. మాత్ర: మందు మంచిదే, తేడా వచ్చేది వాడకంలో

డిప్రెషన్‌కీ, ఆందోళన జబ్బుకీ మన దగ్గర సైకియాట్రిస్టులు చీటీ మీద తరచుగా రాసే మందుల్లో ఎస్సిటాలోప్రామ్ ఒకటి. నెక్సిటో, స్టాలోపామ్, ఎస్-సిటాడెప్, రెక్సిప్రా అని రకరకాల పేర్లతో దొరుకుతుంది. లోపలి మందు ఒకటే. అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఇది లెక్సాప్రోగా, యూరప్‌లో ఉన్నవాళ్ళకి సిప్రలెక్స్‌గా తెలుసు. తయారుచేసింది డెన్మార్క్ కంపెనీ లుండ్‌బెక్. అమెరికాలో 2002లో అనుమతి వచ్చింది.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. మొదటిసారి డిప్రెషన్ మందు మొదలుపెట్టేవాళ్ళకి ఇది మంచి మాత్ర. రోజుకి ఒక్కటి చాలు, పథ్యం లేదు, మిగతా మందులతో గొడవలు కూడా ఈ కోవలోని చాలా మందులకంటే తక్కువే. 21 డిప్రెషన్ మందుల మీద జరిగిన 522 ట్రయల్స్‌ని కలిపి చూసిన విశ్లేషణ ఒకటి 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. పనిచేయడంలోనూ, రోగులు తట్టుకోగలగడంలోనూ ముందున్న కొద్ది మందుల్లో ఎస్సిటాలోప్రామ్ ఉంది. అయినా దీన్ని మధ్యలో వదిలేసేవాళ్ళు చాలామంది. తప్పు ఎక్కువగా మాత్రది కాదు. మొదటి రెండు వారాల్లో ఏం జరుగుతుందో ముందుగా చెప్పకపోవడం, పక్కన వేసుకునే ఇతర మాత్రల్ని పట్టించుకోకపోవడం, ఆపే పద్ధతి తెలియకపోవడం, వీటివల్లే చెడుతుంది. వీటికి ముందు స్ట్రిప్ దగ్గరే జరిగే పొరపాటు ఇంకొకటి ఉంది.

స్ట్రిప్ వెనక్కి తిప్పి చదవండి

వెనక రేకు మీద చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో "ఎస్సిటాలోప్రామ్ ఆక్సలేట్ ఐ.పి., 10 మి.గ్రా. ఎస్సిటాలోప్రామ్‌కి సమానం" అనే అర్థంలో ఒక వరస ఉంటుంది. మందు పేరు అదొక్కటే ఉంటే మీ చేతిలో ఉన్నది ప్లెయిన్ మాత్ర. దాని కిందే "క్లోనజిపామ్ 0.25 మి.గ్రా." అనో "0.5 మి.గ్రా." అనో ఇంకో వరస ఉంటే అది రెండు మందుల మిశ్రమం. బ్రాండు పేరు చివర ప్లస్, ఫోర్టే, ఎల్ఎస్ లాంటి తోకలుంటే అనుమానించి ఈ వరస తప్పక చదవాలి. ముందువైపు ఎర్ర అక్షరాల్లో ఆర్ఎక్స్ బదులు ఎన్ఆర్ఎక్స్ అని ఉన్నా అదే సూచన: లోపల మాదకద్రవ్యాల చట్టం కిందికి వచ్చే పదార్థం ఉందని.

క్లోనజిపామ్ గంటలోపే ఆందోళన తగ్గిస్తుంది, నిద్ర పట్టిస్తుంది. ఎస్సిటాలోప్రామ్ పని మొదలుపెట్టడానికి వారాలు పడుతుంది కాబట్టి ఆ సందు పూడ్చడానికి డాక్టర్లు రెండు మూడు వారాలకి దీన్ని జోడిస్తారు. అందులో తప్పేమీ లేదు. చిక్కల్లా ఆ తర్వాతే. అదే పాత చీటీ చూపించి అదే మిశ్రమాన్ని నెలల తరబడి కొంటూ పోతారు. ఈలోగా ఒళ్ళు క్లోనజిపామ్‌కి అలవాటు పడిపోతుంది. తర్వాత ఎవరో "ఇన్నాళ్ళు వాడకూడదు, ఆపెయ్" అంటారు. ఒక్కసారిగా ఆపితే నిద్ర ఉండదు, వణుకు, దడ, కొందరికి ఫిట్స్ కూడా రావచ్చు. చివరికి "డిప్రెషన్ మందు అలవాటు చేసేస్తుంది" అన్న చెడ్డపేరు ఎస్సిటాలోప్రామ్ నెత్తిన పడుతుంది. ఇది మత్తుమందు కాదు, ఇంకా ఇంకా కావాలనిపించదు. ఆపినప్పుడు ఇబ్బందులు ఉంటాయి, వాటి సంగతి వేరు.

మిశ్రమంలో ఇంకో లోపం ఉంది. రెండు మందులూ ఒకే బిళ్ళలో ఉంటే ఒకటి తగ్గించి ఒకటి ఉంచడం కుదరదు. ఎస్సిటాలోప్రామ్ డోసు పెంచాల్సి వస్తే క్లోనజిపామ్ కూడా పెరుగుతుంది. పెద్దవాళ్ళు రాత్రిపూట బాత్రూమ్‌కి లేచి తూలి పడేది కూడా ఈ మత్తులోనే. అందుకని మిశ్రమానికి మేం సిఫారసు చెయ్యం. రెండూ అవసరమైతే రెండు విడి స్ట్రిప్పులు రాయమని, క్లోనజిపామ్ ఎన్ని రోజులో చీటీ మీదే రాయమని డాక్టరుగారిని అడగండి. ఇప్పటికే నెలలుగా మిశ్రమం వాడుతున్నవాళ్ళు మాత్రం ఇది చదివి ఈ రాత్రే ఆపకండి. దాన్ని కొంచెం కొంచెంగా, డాక్టరు చెప్పిన లెక్కలోనే దించాలి.

షాపులో ఇంకో రెండు జాగ్రత్తలు. స్టాలోపామ్‌కీ, బీపీ మాత్ర స్టామ్లోకీ పేరు దగ్గర. నెక్సిటోకీ, అసిడిటీ మాత్ర నెక్స్‌ప్రోకీ దగ్గర. చేతిరాత చీటీ అయితే పొరపాటుకి అవకాశం ఎక్కువ, కౌంటరు దగ్గరే సరిచూసుకోండి. రెండోది, సిటాలోప్రామ్ అని ఇంకో డిప్రెషన్ మందు ఉంది. అది వేరు, ఎస్సిటాలోప్రామ్ వేరు. సిటాలోప్రామ్ 20 మి.గ్రా. చేసే పని ఎస్సిటాలోప్రామ్ సుమారు 10 మి.గ్రా.తోనే చేస్తుంది కాబట్టి ఒకదాని బదులు ఇంకొకటి అదే డోసులో తీసుకోకూడదు.

ధర విషయంలో ఫిర్యాదు లేదు. 2022 జాతీయ అత్యవసర ఔషధాల జాబితాలో ఇది ఉంది. జన ఔషధి కేంద్రాల్లో జనరిక్ దొరుకుతుంది, ప్రైవేటు బ్రాండు కొనలేనివాళ్ళు నిరభ్యంతరంగా వాడొచ్చు. కాకపోతే ప్రతి నెలా కంపెనీ మారుస్తూ పోకుండా కుదిరినంతవరకు ఒక్కదాన్నే పట్టుకుంటే, ఏదైనా తేడా వచ్చినప్పుడు కారణం వెతకడం తేలిక.

మొదటి రెండు వారాలు

మామూలుగా 10 మి.గ్రా.తో మొదలుపెడతారు. ప్యానిక్ అటాక్‌లు వచ్చేవాళ్ళకీ, వయసు మళ్ళినవాళ్ళకీ, ఏ మందు వేసినా ఒంటికి పడనివాళ్ళకీ మొదటి వారం 5 మి.గ్రా. ఇస్తారు. పెద్దలకి గరిష్ఠం 20. 65 ఏళ్ళు దాటినవాళ్ళకీ, లివర్ జబ్బు ఉన్నవాళ్ళకీ మామూలుగా 10 దాటించరు.

మంచికంటే ముందు చెడ్డ కనిపిస్తుంది. ఈ మాట డాక్టరు గదిలో చెప్పడానికి నిమిషం పట్టదు, చెప్పకపోతే మాత్రం మందే ఆగిపోతుంది. మొదటి రోజుల్లో కడుపులో తిప్పుతుంది, నోరు ఎండుతుంది, తలనొప్పి, చెమటలు, ఊరికే ఆవులింతలు. నిద్ర కొందరికి పట్టదు, కొందరికి పగలంతా మగతగా ఉంటుంది. అన్నిటికంటే భయపెట్టేది, ఏ ఆందోళన తగ్గాలని మాత్ర వేసుకున్నారో అదే ముందు కొంచెం పెరగడం. మెదడులో సెరటోనిన్ అనే రసాయనం పెరగడం మొదటి మాత్రతోనే మొదలవుతుంది గానీ, దానికి తగ్గట్టు మెదడు సర్దుకోవడానికి వారాలు పడుతుంది. ఆ మధ్యకాలంలో వచ్చే చికాకు ఇది. వికారం చాలామందికి వారం, రెండు వారాల్లో తగ్గిపోతుంది. మాత్ర ఆహారంతో వేసుకున్నా, లేకుండా వేసుకున్నా పనిలో తేడా ఉండదు. వికారం ఉన్నవాళ్ళు పొద్దున టిఫిన్ అయ్యాక వేసుకుంటే కొంచెం నయం.

మేలు రెండు నుంచి నాలుగు వారాల మధ్య కనిపించడం మొదలవుతుంది. పూర్తి ఫలితం తేలడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. తరచుగా మొదట కుదుటపడేవి నిద్ర, ఆకలి, ఒంట్లో కదలిక. మనసు తేలికపడటం తర్వాత. ఈ వరసలోనే ఒక ప్రమాదం కూడా ఉంది. చనిపోవాలన్న ఆలోచన ఇంకా పోకముందే లేచి తిరిగే శక్తి రావచ్చు. 25 ఏళ్ళ లోపువాళ్ళలో మందు మొదలుపెట్టినప్పుడూ, డోసు మార్చినప్పుడూ ఆత్మహత్య ఆలోచనలు పెరిగే అవకాశం ఉందని అమెరికా ఔషధ సంస్థ 2004లో పిల్లలకి, 2007లో 24 ఏళ్ళ దాకా, పెట్టె మీద నల్ల గీతల హెచ్చరిక పెట్టించింది. దీన్ని చూసి మందు మానెయ్యమని కాదు; వైద్యం లేని డిప్రెషన్‌లోనూ ప్రమాదం ఉంది. ఇంట్లోవాళ్ళు మొదటి నెల దగ్గరగా ఉండాలి. కొత్తగా కుదురు లేకపోవడం, రాత్రంతా తిరుగుతూ ఉండటం, అకస్మాత్తుగా కోపం, "ఇక నేను ఉండి ఎందుకు" లాంటి మాటలు వస్తే అపాయింట్‌మెంట్ తేదీ కోసం ఆగకుండా అదే రోజు డాక్టరుతో మాట్లాడాలి. అలాంటి ఆలోచనలున్న మనిషి ఉన్న ఇంట్లో మాత్రలన్నీ, పాత నిద్రమాత్రలతో సహా, వేరొకరి దగ్గర ఉంచి ఏ రోజుది ఆ రోజు ఇవ్వాలి. రాత్రి ఎంతైనా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు.

పక్కన వేసుకునే మాత్రలు

మన అలవాట్లకీ ఈ మందుకీ అసలు రాపిడి ఇక్కడే.

మాత్ర వల్ల కడుపులో తిప్పుతుంది. వెంటనే షాపుకి వెళ్ళి గ్యాస్ బిళ్ళ అడుగుతాం. వాళ్ళు పాన్-డి ఇస్తారు. అందులోని "డి" డోమ్‌పెరిడోన్. అది గుండె విద్యుత్తులో క్యూటీ అనే వ్యవధిని సాగదీయగలదు. ఎస్సిటాలోప్రామ్ కూడా, డోసు పెరిగేకొద్దీ, అదే పని చేస్తుంది. వాంతులకి ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్, జ్వరానికో దగ్గుకో చటుక్కున రాసే అజిత్రోమైసిన్, లీవోఫ్లాక్ససిన్ కూడా ఆ కోవలోవే. ఆరోగ్యంగా ఉన్న యువకుడికి ఒక్క మాత్రతో ఏదో అయిపోతుందని కాదు. గుండె జబ్బు, విరేచనాలతో పొటాషియం పడిపోవడం, పెద్ద వయసు తోడైతే గుండె లయ తప్పే ప్రమాదం నిజంగానే ఉంటుంది. అలాంటివాళ్ళు మందు మొదలుపెట్టే ముందు ఒక ఈసీజీ తీయించుకోవాలి. మామూలు అసిడిటీకి "డి" లేని పాంటాప్రజోల్ నయం. ఒమెప్రజోల్, ఎసొమెప్రజోల్ అయితే ఎస్సిటాలోప్రామ్‌ని లివర్ విరగ్గొట్టే దారిని నెమ్మదిస్తాయి. దాంతో రక్తంలో మందు మోతాదు పెరుగుతుంది.

నొప్పి బిళ్ళలు రెండో సంగతి. ఇబూప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్‌తో కలిస్తే కడుపులో రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుంది, ఎందుకంటే ప్లేట్‌లెట్లు రక్తాన్ని గడ్డకట్టించడానికి వాడుకునే సెరటోనిన్‌ని ఈ మందు వాటికి అందనివ్వదు. తలనొప్పికీ జ్వరానికీ పారాసిటమాల్ వాడుకోండి. గుండెకి ఆస్పిరిన్ వాడేవాళ్ళు దాన్ని సొంతంగా ఆపకూడదు, ఇద్దరు డాక్టర్లకీ రెండు మందుల సంగతి తెలియాలి. డెంగ్యూ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోతున్నప్పుడు ఈ మందు వాడుతున్నారన్న మాట ఆస్పత్రిలో చేరగానే చెప్పాలి.

మూడోది అన్నిటికంటే తీవ్రమైనది. సెరటోనిన్‌ని ఇంకోవైపు నుంచి పెంచే మందులు కలిస్తే ఒంట్లో అది హద్దు దాటుతుంది. ఒళ్ళునొప్పులకి పారాసిటమాల్‌తో కలిపి ఇచ్చే ట్రామడాల్, పొడిదగ్గు సిరప్‌లో ఉండే డెక్స్‌ట్రోమెథార్ఫాన్, మొండి టీబీకి వాడే లినెజోలిడ్, పార్కిన్సన్స్‌కి ఇచ్చే సెలెజిలిన్ ఈ జాబితాలో ముఖ్యమైనవి. సెలెజిలిన్ లాంటి వాటికీ దీనికీ మధ్య 14 రోజుల ఎడం ఉండాలి. లక్షణాలు ఎక్కువగా 24 గంటల్లోపే కనిపిస్తాయి: వణుకు, విపరీతమైన చెమట, విరేచనాలు, జ్వరం, కాళ్ళు ఎగిరెగిరి పడటం, మనిషి కంగారుగా తికమకగా ఉండటం. ఇవి కలిసి కనిపిస్తే ఇంట్లో కూర్చోకుండా 108కి ఫోన్ చెయ్యండి.

పెద్దవాళ్ళ విషయం కాస్త విడిగా చెప్పాలి. టెల్మిసార్టాన్-హెచ్ లాంటి, పేరు చివర "హెచ్" ఉండే బీపీ మాత్రల్లో హైడ్రోక్లోరోథయజైడ్ ఉంటుంది. అది మూత్రం ద్వారా సోడియంని పంపేస్తుంది. ఎస్సిటాలోప్రామ్ కూడా సోడియం తగ్గిస్తుంది. రెండూ కలిసి, పైన ఎండాకాలం చెమటలు తోడైతే నాలుగు వారాల లోపే మనిషి మందకొడిగా, తూలుతూ, మాట తడబడుతూ కనిపించవచ్చు. ఇంట్లో "వయసు మీద పడింది", "డిప్రెషన్ ముదిరింది" అనుకుంటారు. 65 దాటినవాళ్ళకి మందు మొదలుపెట్టే ముందు ఒకసారి, రెండు వారాలకి ఒకసారి సోడియం పరీక్ష చేయిస్తే ఇది దొరికిపోతుంది. చిన్న రక్తపరీక్ష, ఏ డయాగ్నస్టిక్ సెంటర్‌లోనైనా చేస్తారు. మా దృష్టిలో దీన్ని దాటెయ్యడం ఏ రకంగానూ సబబు కాదు.

ఇక తిండికి అడ్డేమీ లేదు. పెరుగు, పులుపు, వంకాయ, మాంసం ఏదైనా తినొచ్చు. మద్యం తాగడం మాత్రం కూడదు, మత్తు పెరగడమే కాక డిప్రెషన్‌నీ అది లాగి కిందికి దించుతుంది.

వేళ, మర్చిపోయిన రోజు

నిద్ర చెడితే పొద్దున, మగత వస్తే రాత్రి. ఏదో ఒక వేళకి కట్టుబడితే చాలు. రంజాన్ ఉపవాసాల్లో ఇఫ్తార్ తర్వాతకి మార్చుకోవచ్చు. ఒక పూట మర్చిపోతే ఆ రోజు గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. మర్నాటి వేళ దగ్గరపడితే వదిలేసి మామూలుగా కొనసాగించండి, రెండూ కలిపి వేసుకోకూడదు. రక్తంలో సగం మందు పోవడానికి సుమారు 30 గంటలు పడుతుంది కాబట్టి ఒక్క పూట తప్పితే కొంప మునగదు.

సెక్స్ మీద ప్రభావం గురించి ఎవరూ నోరు విప్పరు, అందుకే ఇక్కడ చెబుతున్నాం. కోరిక తగ్గడం, మగవాళ్ళకి స్ఖలనం ఆలస్యమవడం, ఆడవాళ్ళకి తృప్తి కలగకపోవడం ఈ మందులో మామూలు. వికారంలాగా దానంతట అది పోదు. మందు ఆపాక కూడా కొందరిలో ఇది మిగిలిపోవచ్చన్న హెచ్చరికని యూరప్ ఔషధ సంస్థ 2019లో చేర్పించింది. చెప్పకుండా మాత్ర మానేసేవాళ్ళలో చాలామందికి కారణం ఇదే. డాక్టరుకి చెబితే డోసు తగ్గించడానికో, మిర్టజపిన్, బుప్రోపియాన్ లాంటి వేరే డిప్రెషన్ మందులకి మార్చడానికో వీలుంటుంది.

ఆపేటప్పుడు

బాగున్నాం కదా అని మూడో నెలలో ఆపడం, తిరగబెట్టడానికి తిన్నగా వేసుకునే దారి. మొదటిసారి డిప్రెషన్ అయితే పూర్తిగా కోలుకున్న రోజు నుంచి లెక్కపెట్టి ఆరు నుంచి తొమ్మిది నెలలు కొనసాగించాలి. మళ్ళీ మళ్ళీ వచ్చినవాళ్ళకి రెండేళ్ళు, అంతకు మించి.

ఒక్కసారిగా ఆపితే రెండు మూడు రోజుల్లో కళ్ళు తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు చటుక్కున జివ్వుమనడం, చికాకు, ఏడుపు, పీడకలలు. వారాలపాటు నెమ్మదిగా దించాలి. ఇందులో ఒక కీలకం ఉంది: 10 నుంచి 5కి దిగడం తేలిక, 5 నుంచి సున్నాకి దిగడం కష్టం. తక్కువ డోసులోనే మందు మెదడులోని తన స్థానాల్ని చాలావరకు ఆక్రమించేస్తుంది కాబట్టి చివరి మెట్టు దగ్గరే తేడా ఎక్కువ. అక్కడ మధ్యలో 2.5 దగ్గర ఆగాలి. మధ్యలో గీత ఉన్న 5 మి.గ్రా. బిళ్ళని మాత్రలు కోసే చిన్న డబ్బాతో సగం చెయ్యొచ్చు. అమెరికాలో ఉన్నవాళ్ళకి ద్రవరూపం కూడా దొరుకుతుంది, ఒక మిల్లీలీటరులో ఒక మి.గ్రా. దించడం దాంతో ఇంకా సుఖం. రోజు విడిచి రోజు వేసుకుంటూ తగ్గించే పద్ధతి మన దగ్గర బాగా నడుస్తోంది గానీ అది మంచిది కాదు. రెండో రోజుకల్లా రక్తంలో మందు సగానికంటే దిగువకి పడి, మర్నాడు మళ్ళీ లేస్తుంది.

ఆపినప్పటి ఇబ్బందా, జబ్బు తిరగబెట్టిందా అని తేల్చుకునే గుర్తు: ఇబ్బంది రోజుల్లోనే వస్తుంది, ఒంటి లక్షణాలు ఎక్కువ, పాత డోసు మళ్ళీ వేసుకుంటే ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. జబ్బు అయితే వారాల మీద మెల్లగా కమ్ముకొస్తుంది.

ఎవరికి సరిపడదు

ఎప్పుడైనా నిద్రే అక్కర్లేకుండా రోజుల తరబడి ఉత్సాహం, వాగుడు, దుబారా ఖర్చు ఉండి ఉంటే, లేదా దగ్గరి బంధువుకి బైపోలార్ (ఒకసారి డిప్రెషన్, ఒకసారి ఇలాంటి అతి ఉత్సాహం వచ్చే జబ్బు) ఉంటే ముందే చెప్పాలి. ఈ మందు ఒంటరిగా ఇస్తే ఆ అతి ఉత్సాహం, అంటే మేనియా, ఎగదన్నవచ్చు. క్యూటీ ముందే ఎక్కువ ఉన్నవాళ్ళకి ఇవ్వరు. గుండెపోటు వచ్చినవాళ్ళకీ, పాలిచ్చే తల్లులకీ డాక్టర్లు ఇదే కోవలోని సెర్ట్రలిన్ వైపు మొగ్గుతారు. మాత్రలు తరచూ మర్చిపోయేవాళ్ళకి ఒంట్లో చాలాకాలం నిలిచే ఫ్లూక్సెటిన్ మేలు. గర్భం వచ్చిందని తెలియగానే భయపడి మాత్ర పారెయ్యకండి. తిరగబెట్టిన డిప్రెషన్ కూడా బిడ్డకి మంచిది కాదు, కొనసాగించాలా మార్చాలా అన్నది డాక్టరుతో కూర్చుని తేల్చుకోవాలి.

గల్ఫ్‌కి వెళ్ళేవాళ్ళకి ఒక మాట. సామానులో మిశ్రమం స్ట్రిప్పులు ఉంటే చిక్కే, యూఏఈ లాంటి దేశాల్లో క్లోనజిపామ్ నియంత్రణలో ఉన్న మందు. ప్లెయిన్ మాత్ర అయినా సరే, ఆ దేశపు ఆరోగ్యశాఖ నిబంధన టిక్కెట్టు కొనే ముందే చూసుకోండి, అనుమతి అవసరమైతే బయల్దేరకముందే తీసుకోండి. జనరిక్ పేరు, డోసు, రోజులు రాసి డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న ఇంగ్లీషు చీటీ, అసలు స్ట్రిప్పులు చేతిసంచిలో పెట్టుకోండి. మాత్రల్ని విప్పి డబ్బాలో పోసి తీసుకెళ్ళకండి.